బండి భోగట్టా: తెగిన వీల్ స్టడ్

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు చక్రాల స్టడ్‌ల గురించే. అందుకే శీర్షిక మొత్తాన్ని ఈసారి వాటికే కేటాయించాం. స్టడ్ అంటే హబ్‌లోంచి, అంటే చక్రాన్ని బిగించే, దానితోపాటు తిరిగే భాగంలోంచి, బయటికి పొడుచుకొచ్చి ఉండే మర కడ్డీ. చక్రం దాని మీద కూర్చుంటుంది, నట్టు దాని మీద ఎక్కుతుంది.

ప్రశ్న: పంక్చరైన టైరు మార్చి నట్లు బిగిస్తుంటే ఒక స్టడ్ టప్పున తెగింది. మాది నాలుగు స్టడ్‌ల కారు. మిగతా మూడింటితో ఒక వారం నడపొచ్చా?

జవాబు: వద్దండి. చక్రాన్ని పట్టి ఉంచేది స్టడ్ లావు కాదు, దానిలోని బిగువు. నట్టు బిగించినప్పుడు స్టడ్ కంటికి కనబడనంత సాగుతుంది. సాగిన ఉక్కు మళ్ళీ వెనక్కి లాగుతుంది కాబట్టి చక్రం హబ్‌కి అదిమిపెట్టినట్టు ఉంటుంది. బండి బరువునీ బ్రేకు దెబ్బనీ మోసేది ఆ రెండు ముఖాల మధ్య ఉండే రాపిడే. నాలుగింటిలో ఒకటి పోతే పావు వంతు బిగువు పోయినట్టు. అదీ ఒకే పక్కన పోయింది. అటువైపు చక్రం రవ్వంత కదలడం మొదలైతే పక్కనున్న రెండు స్టడ్‌లూ ప్రతి చుట్టుకీ వంగి లేస్తాయి. మామూలు కారు టైరు కిలోమీటరుకు 550 చుట్ల దాకా తిరుగుతుంది. అంటే వంద కిలోమీటర్లకి 55 వేల సార్లు వంగడం. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తెంపడం లాంటిదే ఇది.

నాలుగు స్టడ్‌ల బండిని ఉన్నచోటే ఆపి, స్టడ్ అక్కడికే తెప్పించి వేయించండి, లేదా బండిని ఎత్తి తీసుకెళ్ళండి. ఐదు, ఆరు స్టడ్‌లున్న బండైతే మిగతా నట్లన్నీ సరైన టార్కులో, అంటే కంపెనీ చెప్పినంత తిప్పుడు బలంతో బిగించి, ఉన్నాయని చూసుకుని, దగ్గర్లోని షెడ్డు దాకా నెమ్మదిగా నడపొచ్చు. అంతకు మించి వద్దు.

ఇంకో మాట. ఒకటి తెగితే దానికి ఇరుపక్కలా ఉన్న రెండింటినీ మార్చండి, రెండు తెగితే ఆ చక్రానివి అన్నీ మార్చండి. లారీలు, బస్సుల చక్రాల పనిలో పాటించే పద్ధతి ఇది. కార్లకూ ఇదే మంచిది. తెగినదాన్ని ఏ చెయ్యి బిగించిందో మిగతావాటినీ అదే చెయ్యి బిగించింది కదా.

ప్రశ్న: ముందు చక్రానిది, డిస్కు బ్రేకు. స్టడ్ ఇంట్లో మార్చుకోవచ్చా? హబ్ విప్పక తప్పదని ఒకరు, అక్కర్లేదని ఒకరు అంటున్నారు.

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పారు, అది బండిని బట్టి ఉంటుంది. స్టడ్‌ను హబ్ పళ్ళానికి వెనకవైపు నుంచి బిగుతుగా దింపుతారు. దాని మెడ చుట్టూ నిలువు పళ్ళు ఉంటాయి, అవి రంధ్రం గోడని కొరుక్కుని నిలుస్తాయి. కాబట్టి తీసేటప్పుడు వెనక్కి వెళ్ళాలి, వేసేటప్పుడు వెనక నుంచే రావాలి. అందుకు వెనక చోటుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

సమతలమైన గట్టి నేల మీద బండి నిలిపి, గేరులో వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. నట్లను చక్రం నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేసి, ఆ తర్వాత జాకీ ఎత్తండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి చేయి లోపల పెట్టొద్దు, స్టాండు తప్పనిసరి. చక్రం తీశాక క్యాలిపర్ (ప్యాడ్‌లతో డిస్కును నొక్కే భాగం) బ్రాకెట్‌ను వెనక నుంచి పట్టి ఉంచే రెండు బోల్టులు విప్పి, క్యాలిపర్‌ను ప్యాడ్‌లతో సహా పక్కకు తీయండి. దాన్ని స్ప్రింగుకి తీగతో కట్టి వేలాడదీయాలి. బ్రేకు గొట్టం మీద వేలాడనిస్తే గొట్టం లోపల చిరుగుతుంది, ఆ చిరుగు బయటికి కనబడదు. డిస్కుకి చిన్న స్క్రూలుంటే అవి విప్పండి. తుప్పుతో అతుక్కుపోయి ఉంటే చాలా డిస్కులకు ముఖం మీద 8 మి.మీ. మర రంధ్రాలు రెండు ఉంటాయి. వాటిలో బోల్టులు సమానంగా బిగించుకుంటూ పోతే డిస్కు తనంతట తనే బయటికి నెట్టుకొస్తుంది.

ఇప్పుడు గేరును న్యూట్రల్‌లోకి తెచ్చి, హబ్‌ని చేత్తో తిప్పుతూ వెనక్కి చూడండి. ఎక్కడో ఒకచోట రేకు కవచానికి గానీ నకిల్‌కి (హబ్‌ను మోసే వెనక భాగానికి) గానీ ఖాళీ కనబడుతుంది. తెగిన స్టడ్‌ను అక్కడికి తీసుకురండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. తెగిన ముక్క పొట్టిది, అది సులువుగా వెనక నుంచి జారి వస్తుంది. కొత్త స్టడ్ మాత్రం పూర్తి పొడవు, అది ఆ సందులో పట్టకపోవచ్చు. కాబట్టి పాతది కొట్టకముందే కొత్తదాన్ని వెనక నుంచి ఏటవాలుగా పెట్టి చూడండి. పట్టకపోతే రేకు కవచం విప్పితే సరిపోతుందేమో చూడండి. అదీ కాదంటే హబ్ రావాల్సిందే. వెనక మూడు నాలుగు బోల్టులతో బిగించే హబ్ అయితే పని సులువే. నకిల్‌లోకి ప్రెస్ చేసిన బేరింగ్ అయితే, హబ్ లాగినప్పుడు బేరింగ్ దెబ్బతింటుంది. దానికి కొత్త బేరింగ్ వేసుకోవాలి కాబట్టి ఆ పని ప్రెస్ ఉన్న షెడ్డుకి వదిలేయండి. చోటు కోసం హబ్ పళ్ళెం అంచునో నకిల్‌నో గ్రైండర్‌తో కోయడం మేం ఒప్పుకోం. ఆ భాగాలు బరువు మోసేవి.

పాత ముక్కను తీయడానికి స్క్రూతో నెట్టే పనిముట్టు, అంటే స్టడ్ పుల్లర్ లేదా బాల్ జాయింట్ ప్రెస్ లాంటిది దొరికితే అదే మేలు. సుత్తే దిక్కయితే ముందు తుప్పు వదిలించే నూనె వేసి పావుగంట ఆగండి. తర్వాత కిలోన్నర, రెండు కిలోల సుత్తితో, మధ్యలో ఇత్తడి కడ్డీ పెట్టి, నిటారుగా గట్టి దెబ్బలు కొన్ని మాత్రమే వేయండి. చిన్న సుత్తితో యాభై సార్లు టకటకా కొట్టొద్దు. ప్రతి దెబ్బా హబ్ గుండా బేరింగ్ గుండ్ల మీదికే వెళ్తుంది. గుండ్లు తమ దారి మీద చిన్న గుంటలు పెడతాయి, కొన్నాళ్ళకి చక్రం గుయ్‌మని మూలగడం మొదలవుతుంది. నాలుగైదు దెబ్బలకి రాకపోతే ఆపి పుల్లర్ వెతకండి. ఏబీఎస్ సెన్సర్ వైరు అటుపక్క ఉంటే ముందే పక్కకి తప్పించండి.

ముక్క వచ్చాక రంధ్రాన్ని వైర్ బ్రష్‌తో తుడిచి లోపలి గాట్లు చూడండి. పాత పళ్ళు చేసిన గాట్లలోనే కొత్త స్టడ్ పళ్ళు పడేలా వేలితో తిప్పుతూ సరిచూసి నెట్టండి. కొద్దిగా వెళ్ళి ఆగుతుంది. అక్కణ్ణుంచి ముందువైపు నుంచి లాగాలి. స్టడ్ మీద ముందు 16 మి.మీ. నట్టు ఒకటి వట్టి దిమ్మగా తొడగండి. దాని మీద నాలుగైదు గట్టి వాషర్లు, వాషర్ల మధ్య కాస్త గ్రీజు, ఆపైన మరకు సరిపోయే పాత నట్టును తలకిందులుగా, చదును ముఖం వాషర్లకు ఆనేలా పెట్టండి. ఆ నట్టు రెండువైపులా తెరిచి ఉన్నదే కావాలి. టోపీ నట్టయితే స్టడ్ కొన దాని లోపల తగిలి ఆగిపోతుంది. లాగడానికి వాడిన నట్టును మళ్ళీ చక్రానికి వాడొద్దు, దాని మర అలసిపోయి ఉంటుంది.

హబ్ తిరగకుండా పక్క రెండు స్టడ్‌లకు నట్లు ఎక్కించి వాటి మధ్య ఇనుప కడ్డీ ఆన్చి పట్టుకోండి. చేతి పానాతోనే బిగించండి. ఎయిర్ గన్ వద్దు, ఎందుకంటే ఇక్కడ మీకు కావలసిన కబురు చేతికే అందుతుంది. పళ్ళు కొరుక్కుంటున్నంతసేపూ బరువు ఒకే తీరుగా ఉంటుంది, స్టడ్ తల హబ్ వెనక ఆనగానే ఒక్కసారిగా రాయిలా గట్టిపడుతుంది. అక్కడే ఆపాలి. గట్టిపడ్డాక కూడా లాగితే కొత్త స్టడ్ అక్కడే సాగిపోతుంది. ఆపాక వెనక్కి తొంగిచూడండి. తలకీ హబ్‌కీ మధ్య గీత సందు కూడా ఉండకూడదు. పలుచని కాగితం కూడా దూరకూడదు. దూరిందంటే ఇంకా దిగాలి.

మరకి అంటిన గ్రీజును బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడిచేయండి. హబ్ ముఖాన్నీ డిస్కు లోపలి ముఖాన్నీ చక్రం ఆనే ముఖాన్నీ వైర్ బ్రష్‌తో తుప్పు పోయేలా గీకండి. డిస్కు, బ్రాకెట్ ఎక్కించి, బ్రాకెట్ బోల్టులను మాన్యువల్ చెప్పిన టార్కుకి బిగించండి. చక్రం పెట్టి, నట్లన్నీ చేత్తో ఎక్కినంత మేర ఎక్కించి, ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో బిగించి, టైరు నేలకి తాకేదాకా దించి చివరి టార్కు ఇవ్వండి. బండి కదిలించేముందు బ్రేకు పెడల్ నాలుగైదు సార్లు నొక్కండి. క్యాలిపర్ తీసినప్పుడు పిస్టన్ వెనక్కి వెళ్ళి ఉంటే మొదటి నొక్కు ఖాళీగా పోతుంది. 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత టార్కు మళ్ళీ చూడడం మరవొద్దు. పళ్ళు, తల, ముఖాలు సర్దుకున్నాక బిగువు కొంత తగ్గడం మామూలే.

ప్రశ్న: దుకాణంలో ఇచ్చిన స్టడ్ చూడ్డానికి పాతదానిలాగే ఉంది, కానీ నట్టు రెండు చుట్లు తిరిగి ఆగిపోతోంది. ఏ కొలతలు చెప్పి కొనాలి?

జవాబు: మీకు అందింది వేరే మర. 12 మి.మీ. లావులోనే మర దూరం, అంటే ఒక మర పన్ను నుంచి పక్క పన్నుకి ఉండే దూరం, రెండు రకాలు. టొయోటా, హోండా, హ్యుందాయ్‌ల చాలా మోడళ్ళలో 1.5 మి.మీ., సుజుకి, నిస్సాన్, సుబారుల చాలా మోడళ్ళలో 1.25 మి.మీ. ఒకదాని నట్టు ఇంకోదాని మీద రెండు మూడు చుట్లు తిరిగి పట్టేస్తుంది. అప్పుడు బలవంతంగా పానా వేస్తే రెండు మరలూ పోతాయి. పెద్ద ఎస్‌యూవీల్లో 14 మి.మీ. లావు, 1.5 మర ఎక్కువ.

మర కుదిరినంత మాత్రాన పని కాలేదు. పళ్ళున్న మెడ వ్యాసం వెర్నియర్‌తో కొలవాలి. 12 మి.మీ. స్టడ్‌ల మెడే 12.3 నుంచి 14.3 దాకా రకరకాలుగా ఉంటుంది. మెడ సన్నమైతే హబ్‌లో తిరిగిపోతుంది, లావైతే దిగదు, బలవంతం చేస్తే హబ్ పళ్ళెం పగులుతుంది. ఆపైన తల కింద నుంచి కొన దాకా పొడవు, పళ్ళ భాగం పొడవు, తల మందం కొలవండి. కొన్ని తలలకి ఒక పక్క చదునుగా కోత ఉంటుంది. అది వెనక భాగాలకు రాసుకోకుండా పెట్టిన కోత, కొత్తదానికీ ఉండాలి. ఛాసిస్ నంబరు చెప్పి కంపెనీ భాగమే తీసుకుంటే ఈ కొలతల గొడవంతా తప్పుతుంది. అయినా పాతదాని పక్కన పెట్టి చూసుకోకుండా ఇంటికి తీసుకెళ్ళకండి. సాధారణంగా ఇవి 10.9 గ్రేడ్ (ఉక్కు బలాన్ని చెప్పే అంకె) ఉక్కు. మామూలు బోల్టు తల కోసి స్టడ్‌గా వాడడం లాంటివి ఎవరు చెప్పినా వినొద్దు.

ప్రశ్న: నట్టు ఎటు తిప్పినా తిరుగుతూనే ఉంది. రాదు, బిగుసుకోదు. చక్రం ఊడదీయడం ఎలా?

జవాబు: నట్టు మరకు పట్టేసింది, స్టడ్ మెడ పళ్ళు హబ్‌లో అరిగిపోయాయి. అందువల్ల రెండూ కలిసి తిరుగుతున్నాయి. ఎయిర్ గన్ పెట్టిన కొద్దీ రంధ్రం ఇంకా అరుగుతుంది, కాబట్టి ముందు గన్ పక్కన పెట్టేయండి.

మిగతా నట్లన్నీ తీసి, చక్రాన్ని వెనక నుంచి కడ్డీతో బయటికి ఎత్తిపట్టి ఉంచమని ఒకరికి చెప్పండి. అప్పుడు స్టడ్ తల వెనక హబ్‌కి గట్టిగా ఆనుతుంది. ఆ రాపిడికే స్టడ్ నిలిచి నట్టు కదలొచ్చు. చేతి పానాతో నెమ్మదిగా ప్రయత్నించండి. అల్లాయ్ చక్రమైతే కడ్డీ కింద చెక్క ముక్క పెట్టండి.

కదలకపోతే స్టడ్‌ను మధ్యలో తొలచాలి. లోతైన సాకెట్‌ను నట్టు మీద పెట్టి, బయట నుంచి పైపు పానాతో సాకెట్‌నే పట్టుకోండి. నట్టు, స్టడ్ ఒకటైపోయాయి కాబట్టి నట్టు ఆగితే స్టడ్ కూడా ఆగుతుంది. సాకెట్ వెనక ఉండే చదరపు రంధ్రం గుండా డ్రిల్లు బిట్ లోపలికి వెళ్తుంది. టోపీ నట్టయితే ముందు ఆ టోపీ తొలచాలి. కోబాల్ట్ బిట్‌తో, నిదానమైన వేగంలో, నూనె చుక్కలు వేస్తూ 5 మి.మీ.తో మొదలుపెట్టి, 8, తర్వాత 10 దాకా వెళ్ళండి. 12 మి.మీ. మర అడుగున వ్యాసం దాదాపు 10 దగ్గరికి వస్తుంది కాబట్టి అక్కడికి స్టడ్ డొల్లయిపోయి నట్టు ఊడొస్తుంది. ఉక్కు గట్టిది, గంట పట్టినా తొందరపడొద్దు. కళ్ళద్దాలు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. ఇనుప చక్రంలో నట్టు బయటికే ఉంటుంది కనుక నట్టు చీల్చే పనిముట్టుతో ఇంకా తేలిక.

తర్వాత హబ్ రంధ్రం చూడాలి. కొత్త స్టడ్ మెడ చేత్తో నెడితేనే చివరిదాకా వెళ్ళిపోతే ఆ రంధ్రం పనికిరాదు. ఆ హబ్‌కి సరిపోయే లావు మెడ స్టడ్ దొరికితే సరే, లేకపోతే హబ్ మార్చాలి. తలను హబ్‌కి వెల్డింగ్ పెట్టేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వెల్డింగ్ వేడికి 10.9 గ్రేడ్ ఉక్కు తన బలం పోగొట్టుకుంటుంది, పక్కనున్న బేరింగ్ సీలు కాలిపోతుంది. ఆ స్టడ్ మళ్ళీ తెగినప్పుడు తీసే దారి కూడా ఉండదు.

ప్రశ్న: వెనక చక్రానిది, డ్రమ్ బ్రేకు. తేడా ఏమిటి?

జవాబు: ముందు ఒక విషయం తేల్చుకోండి. డ్రమ్, హబ్ వేర్వేరా, కలిపి ఒకటేనా? వేర్వేరైతే ముందు చక్రాలకు అడ్డు పెట్టి, బండి స్టాండు మీదికి వచ్చాక హ్యాండ్ బ్రేకు వదలండి, డ్రమ్ లాగితే వస్తుంది. రాకపోతే 8 మి.మీ. మర రంధ్రాలు వెతకండి. అవీ లేకపోతే లోపల బ్రేకు షూలు డ్రమ్ అంచున ఏర్పడిన గట్టుకి తగులుతున్నాయని అర్థం. వెనక పలకకున్న చిన్న రంధ్రం గుండా అడ్జస్టర్‌ను వెనక్కి తిప్పాలి. స్టడ్ వెనక్కి వచ్చేచోట షూ అడ్డుపడితే ఆ షూ తీయాల్సిందే. తీసేముందు స్ప్రింగులు ఎలా ఉన్నాయో ఫొటో తీసుకోండి.

చాలా చిన్న కార్లలో డ్రమ్, హబ్ ఒకటే ముక్క, బేరింగులు డ్రమ్‌లోనే కూర్చుంటాయి. అప్పుడు గ్రీజు మూత తీసి, మధ్య నట్టు విప్పి, డ్రమ్‌ను మొత్తంగా తీసి, ప్రెస్ మీద పెట్టి స్టడ్ మార్చడం చాలా శుభ్రమైన పని. బేరింగ్ మీద దెబ్బ అసలే పడదు. డ్రమ్‌ను స్టడ్ తల చుట్టూ ఆనేలా దిమ్మ మీద పెట్టాలి. పోత ఇనుము కాబట్టి అంచు మీద ఆన్చి నొక్కితే పగులుతుంది. తిరిగి బిగించేటప్పుడు వదులవకుండా అంచును నొక్కి పట్టించే రకం మధ్య నట్టైతే కొత్తదే వేయండి, కాటర్ పిన్ను ఉంటే అది కూడా కొత్తదే వేయండి. షూలకు గ్రీజు అంటితే ఆ చక్రం బ్రేకు సరిగ్గా పట్టదు.

ప్రశ్న: మా బండికి స్టడ్‌లు లేవు, చక్రానికి బోల్టులే. తల తెగి మిగతా ముక్క హబ్‌లో ఉండిపోయింది.

జవాబు: ఫోక్స్‌వ్యాగన్, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ లాంటి యూరప్ బండ్లలో ఎక్కువగా ఈ పద్ధతే. తల తెగగానే బిగువు పోతుంది కాబట్టి లోపలి ముక్క చాలాసార్లు వదులుగానే ఉంటుంది. చక్రం తీశాక కొన బయటికి ఉంటే గ్రిప్ ప్లయర్‌తో, లేకపోతే అంచున సన్నని ఉలితో ఎడమవైపుకి నెమ్మదిగా తట్టి చూడండి. చాలా హబ్‌లలో రంధ్రం వెనకదాకా ఉంటుంది కాబట్టి కుడివైపుకి తిప్పి వెనక నుంచి కూడా బయటికి పంపొచ్చు. కదలకపోతే సరిగ్గా మధ్యలో పంచ్ కొట్టి, ఎడమ చుట్టు డ్రిల్లు బిట్‌తో తొలవండి. సగం మంది పని ఇక్కడే అయిపోతుంది, ఎందుకంటే బిట్టే ముక్కను పట్టుకుని తిప్పేస్తుంది. ఎక్స్‌ట్రాక్టర్, అంటే తొలిచిన రంధ్రంలో దింపి ముక్కను తిప్పి తీసే పనిముట్టు, చివరి మార్గం. అది లోపల విరిగితే దాన్ని తొలిచే బిట్ మామూలు షెడ్డులో ఉండదు. హబ్ మర దెబ్బతింటే హబ్ మార్చాలి. కొత్త బోల్టు పొడవు, తల కింద ఆనే ఆకారం, అంటే బంతిలా గుండ్రమా, గరాటులా ఏటవాలా అన్నది పాతదానితో కచ్చితంగా సరిపోవాలి.

ప్రశ్న: రెండేళ్ళలో ఒకే చక్రంలో మూడు స్టడ్‌లు తెగాయి. మర తుప్పు పట్టకుండా ప్రతిసారీ గ్రీజు రాస్తాను, గట్టిగా బిగిస్తాను. అయినా ఎందుకిలా?

జవాబు: మీరు రాసినదాంట్లోనే కారణం ఉంది. మీరు పానా మీద పెట్టే బలంలో ఎక్కువ భాగం రాపిడికే ఖర్చవుతుంది, మిగిలిన కొంచెమే స్టడ్‌ను సాగదీస్తుంది. కంపెనీ చెప్పే టార్కు పొడి, శుభ్రమైన మరను లెక్కలో పెట్టుకుని చెప్పింది. 12 మి.మీ. స్టడ్‌ను పొడిగా 100 న్యూటన్ మీటర్లకు (టార్కును కొలిచే ప్రమాణం ఇది) బిగిస్తే దాని మీద పడే లాగుడు దాదాపు 42 వేల న్యూటన్లు, అంటే నాలుగు టన్నుల పైచిలుకు బరువు వేలాడదీసినంత. అదే టార్కు నూనె పూసిన మర మీద ఇస్తే 55 వేలు దాటుతుంది. 10.9 గ్రేడ్, 1.5 మర ఉన్న 12 మి.మీ. స్టడ్ శాశ్వతంగా సాగకుండా తట్టుకోగలిగేది సుమారు 73 వేలు. బిగించేటప్పుడు పడే మెలి దీనికి అదనం. నూనె పూసి, పైగా "ఇంకొంచెం గట్టిగా" అని బిగిస్తే ఆ హద్దు దాటడానికి ఎంతో పట్టదు.

"గట్టిగా" అంటే ఎంతో కూడా లెక్క కట్టి చూడండి. 30 సెంటీమీటర్ల వీల్ స్పానర్ కొన మీద 70 కిలోల మనిషి నిలబడితే 200 న్యూటన్ మీటర్లు దాటుతుంది. టొయోటా చాలా కార్లకు చెప్పేది 103, హోండా చెప్పేది 108. అంటే కాలితో తొక్కి బిగించడం దాదాపు రెట్టింపు. స్పానర్‌కి పైపు తొడిగితే ఇక చెప్పేదేముంది. టార్కు రెంచి చేతికి లేనప్పుడు, 40 సెంటీమీటర్ల పిడి కొనను 25 కిలోల బరువు ఎత్తినంత బలంతో లాగితే 100 దగ్గరికి వస్తుంది. ఇది దారిలో ఇబ్బంది గడవడానికే, ఇంటికొచ్చాక రెంచితో సరిచూడాలి. మీ బండి అంకె మీ మాన్యువల్‌లో ఉంటుంది. చిన్న కార్లకు 85 నుంచి 110 మధ్య, 14 మి.మీ. స్టడ్‌ల బండ్లకు 120 పైన ఉండడం మామూలు.

తెగిన ముక్కను పారేయకుండా వెలుతురులో చూడండి, అది చాలా చెబుతుంది. కొత్త స్టడ్ మరను పాతదాని మర మీద పన్నుకి పన్ను ఆన్చి వెలుగుకి ఎత్తి పట్టండి. ఒకచోట మొదలుపెట్టి కాస్త దూరం వెళ్ళేసరికి పళ్ళు తప్పిపోయి సందులోంచి వెలుతురు కనబడితే పాతది సాగిపోయింది, అంటే అతిగా బిగించడమే కారణం. మెడ దగ్గర సన్నబడి ఉన్నా అదే సంగతి. అలా కాకుండా తెగిన ముఖంలో ఒక పక్క నున్నగా, చెట్టు మొద్దు కోతలో వలయాల్లా గీతలు గీతలుగా, తుప్పు నలుపుతో ఉండి, మిగతా పక్క విరిచిన పటికలా గరుకుగా మెరుస్తుంటే అది అలసి తెగిన స్టడ్. నట్టు వదులుగా ఉండి చాలాకాలం వంగి వంగి తెగిందన్నమాట. ముందుదాంట్లో బిగువు ఎక్కువైంది, రెండోదాంట్లో తక్కువైంది, ఈ రెండింటికీ మందు వేర్వేరు.

ఒకే చక్రంలో మళ్ళీ మళ్ళీ అంటున్నారు కాబట్టి చక్రం ముఖాన్ని కూడా చూడండి. నట్టు ఆనే రంధ్రం అంచు కోలగా అరిగిందా, చక్రానికి కొత్తగా మందంగా రంగు వేయించారా, నట్టు రకం మారిందా? హోండా ఒరిజినల్ నట్లకు ఆనే భాగం బంతిలా ఉంటుంది, బయట దొరికే చాలా అల్లాయ్‌లకు ఏటవాలు నట్టు కావాలి. ఒకదాని చోట ఇంకోటి వేస్తే సన్నని గీత మీదే ఆనుతుంది, టార్కు అంకె సరిగ్గా చూపిస్తుంది, కొన్ని కిలోమీటర్లకే వదులైపోతుంది. గ్రీజు రాయాలనిపిస్తే హబ్ మధ్య గట్టు మీద, చక్రం నడిమి రంధ్రం ఆనేచోట పలుచగా రాయండి. మరకి, నట్టు ఆనే ముఖానికి మాత్రం వద్దు. ఇప్పుడున్న స్టడ్‌లన్నీ ఆ నూనె మీద సాగి ఉన్నవే, ఐదుంటే ఐదూ మార్చేయండి.

ప్రశ్న: కొత్త అల్లాయ్‌లు వేశాక నట్లు నాలుగైదు చుట్లకే బిగుసుకుంటున్నాయి. పర్వాలేదా?

జవాబు: పర్వాలేదు అనలేం. నట్టు స్టడ్ లావుకి తగ్గకుండా మర మీద పట్టాలి. 12 మి.మీ. స్టడ్‌కి 12 మి.మీ. పట్టు. 1.5 మర అయితే 8 చుట్లు, 1.25 మర అయితే దాదాపు 10. 14 మి.మీ., 1.5 మర అయితే 9కి పైన. చేత్తో ఎక్కిస్తూ లెక్కపెట్టండి, తగ్గితే అల్లాయ్ మందం ఎక్కువ, లేదా హబ్‌కీ చక్రానికీ మధ్యలో స్పేసర్ (ఎడం పెంచే బిళ్ళ) ఉంది. పొడవు స్టడ్‌లు వేయించండి, లేదా స్పేసర్ తీసేయండి. చుట్లు సరిపోతున్నా టోపీ నట్టయితే ఇంకో పరీక్ష ఉంది. చక్రం లేకుండా అదే నట్టును స్టడ్ మీద చేత్తో చివరిదాకా ఎక్కించి, హబ్ ముఖానికీ నట్టుకీ మధ్య మిగిలిన దూరం కొలవండి. స్టడ్ కొన టోపీకి తగిలి ఆగిపోయి, ఆ దూరం డిస్కు, చక్రం కలిపిన మందం కంటే ఎక్కువగా ఉంటే నట్టు బిగిసినట్టు చేతికి తెలుస్తుంది గానీ చక్రం మాత్రం వదులుగానే ఉంటుంది. దానికి పొట్టి స్టడ్ గానీ రెండువైపులా తెరిచిన నట్టు గానీ కావాలి.